తోలు ఒలిచెడి మాట

ఇంగ్లీషు పత్రికల శీర్షికలలో తరచు కనబడెడి క్రియాపదము ‘ఎక్స్‌కోరియేట్’. పలుకునపుడు ఊనిక ‘కో’ మీద నుండవలెను. తీవ్రముగా తిట్టుట అని నిఘంటువులు చెప్పును. అర్థము తెలిసినదే యనుకొందుము. చిక్కంతయు ఆ తరువాతనే.

మా వార్తావిభాగమున ఒకసారి ఈ చిక్కు వచ్చినది. ఒక న్యాయస్థానము ఒకానొక శాఖను ‘ఎక్స్‌కోరియేట్’ చేసినట్లు ఇంగ్లీషు ప్రతిలో నున్నది. అనువాదకుడు తొందరలో ‘మందలించినది’ అని వ్రాసినాడు. మేమును చూచి ఊరకుంటిమి. బులెటిన్ వెళ్ళిపోయినది. విన్నవారికి న్యాయమూర్తి పెద్దమనిషి తరహాలో నాలుగు మంచిమాటలు చెప్పినట్లే తోచియుండును. నిజమునకు ఆ శాఖ పరువును నిలువునా తీసిన వ్యాఖ్యలవి. మేము చెప్పినది అబద్ధము కాకపోవచ్చును. జరిగినది మాత్రము అది కాదు.

ఈ మాటకు మూలము లాటిన్. ‘ఎక్స్’ అనగా వెలుపలికి, ‘కోరియం’ అనగా తోలు. ఇంగ్లీషులోనికి 15వ శతాబ్దిలో వచ్చినపుడు చర్మము ఊడదీయుట అనియే అర్థము. మాటలతో ఒలుచుట తరువాతి సంగతి. వైద్యులు నేటికిని పాత అర్థమును విడువలేదు. డాక్టరు కాగితములో ‘ఎక్స్‌కోరియేషన్’ అని యున్నచో రోగి నెవరో తిట్టినారని కాదు, చర్మము గీరుకొనిపోయినదని. చర్మమును మాటిమాటికి గిల్లుకొనెడి మానసిక రుగ్మతకు కూడ అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో వెలువరించిన గ్రంథమున ఈ పేరే యున్నది.

‘తోలు తీసెదను’ అను మాట వినకుండ పెరిగిన పిల్లవాడు మన యిండ్లలో అరుదు. పోలిక ఒకటే గాని వాడుక వేరు. మనది బెదిరింపు, తల్లి నోట వచ్చినపుడు అందులో సగము ప్రేమయే. ఇంగ్లీషు మాట అట్లు కాదు. అది సాధారణముగా పదిమంది యెదుట, సభలోనో అచ్చులోనో, జరిగిపోయిన పనిని తెలుపును. అన్నము తినని బిడ్డను తల్లి ‘స్కోల్డ్’ చేయును. పై యధికారి కాగితముమీద నిచ్చునది ‘రెప్రిమాండ్’. విమర్శకుడు ఒక నాటకమును, ప్రతిపక్షసభ్యుడు ఒక మంత్రిని దయాదాక్షిణ్యములు లేక ఖండించినపుడే ‘ఎక్స్‌కోరియేట్’ తగును. అందులో ఒక్క బూతుమాటయు నుండనక్కరలేదు. ఎంతో మర్యాదగల వాక్యములతో కూడ ఈ పని జరుగును.

‘కాస్టిగేట్’ దీనికి దగ్గరి చుట్టము. అది లాటిన్‌లో శుద్ధమను అర్థముగల మాటనుండి పుట్టినది కనుక బాగుచేయవలెనను తలపు దానిలో కొంత దాగియున్నది.

మరి తెనుగున నేమనవలెను? మన కఠినమైన మాటలు పనిపాటలనుండి వచ్చినవి. దూదిని ఏకుదురు, రేవున బట్టలు ఉతికి ఆరవేయుదురు, కళ్ళములో ధాన్యమును గాలికి తూర్పారబట్టుదురు. విమర్శకు మూడును చెల్లును. మొదటి రెండును వార్తలలో కొంచెము మోటుగా వినబడును. తూర్పారబట్టగా పొట్టు పోయి గింజ మిగులును, తోలు ఒలిచిన పిమ్మట మిగులునది లేదు. కనుక ఈ మాటయు సరిగా అతుకదు. అయినను చెవికి బరువు తెలియును. ఆనాటి బులెటిన్‌లో ‘తూర్పారబట్టినది’ అని చదివించియుండవలసినది.