రాత్రి వంతు ఎవరిది?

104వ కీర్తనలో 20 నుంచి 23 వరకు ఉన్న వచనాలను మనం చాలాసార్లు చదివీ చదవనట్టు దాటేస్తాం. చీకటి పడగానే అడవి జంతువులు ఆహారం వెదుక్కుంటూ బయలుదేరతాయని, పొద్దు పొడవగానే తమ చోటికి మళ్లుతాయని, అప్పుడు మనిషి పనికి వెళ్లి సాయంకాలం దాకా కష్టపడతాడని కీర్తనకారుడు అక్కడ చెబుతున్నాడు. నేల ఒక్కటే. దాని మీద బతికేవారు మాత్రం ఎందరో. అందుకే దేవుడు వంతులు పెట్టాడు. రాత్రి వాటిది, పగలు మనది.

కుప్పం, పలమనేరు పల్లెల్లో ఈ వంతులు తప్పి చాలా కాలమైంది. రాగి చేను కోతకు వచ్చిందంటే రైతు రాత్రంతా మంచె మీదే. చేతిలో టార్చిలైటు, పక్కన టపాకాయలు. ఒక్క రాత్రి కునుకు తీస్తే ఏనుగుల గుంపు ఆరు నెలల కష్టాన్ని తొక్కేసి పోతుంది. కాపలాకు వెళ్లి తిరిగి రాని రైతులున్నారు. పొలం చుట్టూ పెట్టిన కరెంటు తీగలు తగిలి చచ్చిన ఏనుగులూ ఉన్నాయి. ఈ ఊళ్లలో ప్రార్థన కూడికకు వెళితే మా ముందు కూర్చున్నవారిలో సగం మంది ఈ భయంతో బతుకుతున్నవారే. వారికి మనం ఏ వాక్యం చెప్పాలి?

ముందుగా ఆ అడవిని చూద్దాం. కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం 1990లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. ఇది దట్టమైన వానల అడవి కాదు. ఎండాకాలంలో ఆకు రాల్చి మోడుబారే మెట్ట అడవి. తుమ్మ, వెదురు, మర్రి, మేడి, శ్రీగంధం ఇక్కడి చెట్లు. పాలారులో కలిసే కౌండిన్య, కైగల్ ఏర్లే ఈ అడవికి నీటి ఆధారం. ఇంత కొద్ది నీటితో ఇన్ని ప్రాణులు ఎలా బతుకుతున్నాయి? ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతున్నాయి.

మేడి పండునే చూడండి. దాని పువ్వులు కాయ లోపలే దాగి ఉంటాయి. చీమ తలంత కందిరీగ ఒకటి చిన్న రంధ్రం గుండా లోపలికి దూరి వాటికి పుప్పొడి అందిస్తుంది. ఆ కందిరీగ లేకపోతే మేడికి విత్తనం లేదు, మేడి లేకపోతే కందిరీగకు ఇల్లు లేదు. శ్రీగంధం మాటకొస్తే, దాని వేళ్లు పక్క చెట్ల వేళ్లను పట్టుకుని వాటి నుంచి నీరూ సారమూ తీసుకుంటాయి. మనం ఎంతో విలువ కట్టే ఆ సువాసన వెనుక ఎవరూ లెక్కచేయని తుమ్మ చెట్టు సాయం ఉంది!

ఏనుగు సంగతి సరేసరి. రోజుకు నూటయాభై కిలోల మేత తింటుంది. అందులో సగానికి పైగా జీర్ణం కాకుండానే బయటికి వస్తుంది. ఆ పేడలో విత్తనాలుంటాయి. పేడ పురుగులు వాటిని మట్టిలోకి చేరుస్తాయి. తొలకరి పడితే మొలకలొస్తాయి. ఏరు ఎండినప్పుడు ఏనుగు ఇసుకను తవ్వి చెలమ చేస్తుంది, అది వెళ్లాక మిగతా జంతువులు అక్కడ దాహం తీర్చుకుంటాయి. మృగాలను అడిగితే అవే బోధిస్తాయని యోబు తన స్నేహితులతో అన్నది (యోబు 12:7) ఇలాంటి పాఠాల గురించే. సమస్తం క్రీస్తునందే నిలిచి ఉందని పౌలు కొలొస్సయులకు రాసినప్పుడు (1:17) ఆ 'సమస్తం'లో కందిరీగ, పేడ పురుగు కూడా ఉన్నాయి.

'మా ఊళ్లో అడవి లేదు, మాకెందుకు?' అని మదనపల్లె వారు అనుకోవచ్చు. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో మదనపల్లెది ఒకటి. టమోటా పువ్వును గాలి కదిలించాలి, లేదా తుమ్మెద పట్టుకుని ఝుంకారం చేస్తూ కుదపాలి. అప్పుడే పుప్పొడి బాగా రాలుతుంది. నల్లని పెద్ద తుమ్మెద గూడు పెట్టేది ఎండిన మానులో, వెదురు బొంగులో. గట్టు మీది ఎండుమోడు కొట్టేస్తే తుమ్మెద ఇల్లు పోయినట్టే. పుంగనూరు వారికి తమ ఆవే సాక్షి. మూడడుగుల ఎత్తైనా లేని ఆ పొట్టి ఆవు కొద్దిపాటి మేతతో కరువును తట్టుకుని చిక్కని పాలిస్తుంది. ఆ నేల ఎంత మోయగలదో అంతకు సరిపడా పుట్టిన పశువు అది. 1915లో ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి తెరిచినప్పుడు, ఇక్కడి పొడి గాలినే రోగులకు మేలుగా ఎంచారు. ఈ ప్రాంతపు ప్రకృతి మన సంఘ చరిత్రలోనూ భాగమే.

మరి వంతులు ఎందుకు తప్పాయి? దాదాపు రెండు వందల ఏళ్ల పాటు ఈ ప్రాంతంలో ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు ఇటు రావడం మొదలైంది. అక్కడ కరువు వచ్చింది, అడవులు ముక్కలయ్యాయి. ఆకలికి తాళలేక అవి దారి పట్టాయి. కరువు వస్తే అబ్రాహాము ఐగుప్తుకు వెళ్లలేదా? నయోమి కుటుంబం మోయాబుకు వెళ్లలేదా? మన రైతుల పిల్లలు బెంగళూరు బస్సు ఎక్కుతున్నదీ అందుకే కదా! ఏనుగుకూ, రైతుకూ పడని మాట నిజమే గాని, ఇద్దరినీ తరుముతున్నది ఒకే కరువు.

ఆదికాండము 2:15లో దేవుడు నరునికి తోటను అప్పగించినప్పుడు రెండు హెబ్రీ మాటలు వాడబడ్డాయి. 'అబద్' అంటే సేవ చేయడం, సేద్యం చేయడం. 'షామర్' అంటే కాపాడడం. ప్రత్యక్ష గుడారంలో లేవీయుల పరిచర్య గురించి చెప్పేటప్పుడు కూడా (సంఖ్యా 3:7,8) ఇవే మాటలు కనబడతాయి. అంటే నేలను చూసుకోవడం కూడా పరిచర్యే. నిర్గమకాండము 23:11 ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏడవ ఏట బీడుంచిన పొలంలో పండినది మొదట బీదలు తినాలి, వారు మిగిల్చింది అడవి జంతువులు తినాలి. ఈ వరుస గమనించండి. బీదవాణ్ని మరచి జంతువును గురించి మాట్లాడడం వాక్యానుసారం కాదు. బీదవాని పేరు చెప్పి జంతువు వంతు కాజేయడమూ వాక్యానుసారం కాదు. పిచ్చుకల కంటే మీరు శ్రేష్ఠులని చెప్పిన ప్రభువే, ఆ పిచ్చుకల్లో ఒక్కటి కూడా దేవుని ఎదుట మరువబడదని చెప్పాడు (లూకా 12:6,7).

కందకాలు, సోలార్ కంచెలు వచ్చాయి. ఏనుగులు వాటినీ దాటడం నేర్చుకున్నాయి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి అప్పగించింది. ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయాలి. సంఘం చేయవలసినదీ ఉంది. పంట పోయిన రైతుకు పరిహారం కాగితాలు రాసిపెట్టే చదువుకున్న యువకులు మన సంఘాల్లో లేరా? కాపలాలో ప్రాణం పోగొట్టుకున్నవాని భార్యాపిల్లలను మొదటి వారం పరామర్శించి మరచిపోతున్నామా, లేక ఏడాది తర్వాత కూడా తలుపు తడుతున్నామా? పొలానికి దొంగతనంగా కరెంటు తీగ లాగడం ఏనుగునే కాదు, పొరుగువాని బిడ్డను కూడా చంపుతుందని ప్రసంగ వేదిక మీద నుంచి చెబుతున్నామా? చర్చి స్థలంలో ఒక మర్రి, ఒక మేడి నాటగలమా?

మదనపల్లెకు దగ్గరలోని రిషివ్యాలీ ఒకప్పుడు చెట్టు లేని బోడి లోయ. దశాబ్దాల పాటు మొక్కలు నాటి కాపాడితే పక్షులు తిరిగొచ్చాయి. 1991లో దానిని పక్షి సంరక్షణ ప్రాంతంగా గుర్తించారు. ఓపికగా కాపాడితే నేల బదులు పలుకుతుంది.

జలప్రళయం తర్వాత దేవుడు నోవహు కుటుంబంతో పాటు ఓడలోంచి దిగిన ప్రతి ప్రాణితోనూ నిబంధన చేశాడు (ఆదికాండము 9:9,10). మనం సంతకం చేసిన పత్రంలో ఏనుగు కూడా ఉందన్నమాట. తగిన కాలమందు ఆహారం కోసం ఇవన్నీ దేవుని వైపే చూస్తున్నాయి. మంచె మీద నిద్రలేక కూర్చున్న రైతు కూడా ఆయన వైపే చూస్తున్నాడు. ఈ రాత్రి మనం ప్రార్థించేటప్పుడు ఆ ఇద్దరినీ జ్ఞాపకం చేసుకుందాం. తెల్లవారాక మన వంతు పని మొదలుపెడదాం.