బ్రెజిలు దేశపు పాటలు

బ్రెజిలు సంగీతమనగానే మన శ్రోతలకు సాంబా యను పేరు స్ఫురించును. కాని అంతటి విశాలదేశమునకు ఆ పేరొక్కటియే చాలదు. అచ్చటి ఆదిమజాతుల గానము, పోర్చుగీసువారు తెచ్చిన తంత్రీవాద్యములు, బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావారి లయలు ఆ నేలపై కలసినవి. అయితే అన్ని సీమలందును ఒకే పాళ్లలో కలియలేదు, వైవిధ్యమంతయు అందున్నది.

1888లో బానిసత్వము రద్దగుటకు ముందును పిదపను బహియా సీమనుండి అనేక కుటుంబములు రియో ద జనీరో నగరమునకు వలస వచ్చెను. వారిలో తియా సియాతా అను నామె యింట పండుగలకు గాయకులు, వాద్యకులు కూడుచుండిరి. నగరపు సాంబా రూపు దిద్దుకొన్న చోట్లలో ఆ యిల్లు ముఖ్యమైనది. 1916లో దోంగా అను నతడు 'పేలు తెలెఫోని' అను పాటను జాతీయ గ్రంథాలయమున తన పేర నమోదు చేయించెను. మరుసటి యేడు దాని రికార్డు వెలువడి విశేష ప్రచారము పొందెను. అది ఆ యింట పలువురు కూడి కట్టిన పాటయని తోడివారు తగవులాడిరి. నోటినుండి నోటికి సాగు పాటకు కాగితముపై కర్త యేర్పడునప్పుడు ఇట్టి తగవు తప్పదేమో!

ఆనాటి పోలీసులకు ఈ పాటగాండ్రన్న అనుమానము. జొవావు ద బయానా అను వాద్యకుని పందేరోను వారు లాగికొనిరట. ఒక సెనేటరు తన పేరు వ్రాయించి వేరొకదానిని బహూకరించిన పిమ్మట దాని జోలికెవ్వరును రాలేదని ఆయన చెప్పెడివాడు. పందేరో మన కంజీర వంటిదే. అంచున బిళ్లలు మాత్రము ఎక్కువ.

ఈశాన్యమున కరవుసీమ పాట వేరు. అకార్డియను, జబుంబా యను పెద్ద డోలు, ఇనుప త్రికోణము, ఈ మూడింటితో లూయిస్ గొంజాగా 1940 ప్రాంతములలో బయావు పాటను రియో రేడియోకు తెచ్చెను. 1947 నాటి 'అజా బ్రాంకా' అనావృష్టిచే ఊరు విడిచినవాని గోడు. దక్షిణ నగరములకు కూలికై పోయినవారికి అది తమ కథయే. 1958లో జొవావు జిల్బెర్తు మంద్రస్వరమున ఆరంభించిన బొస్సా నోవా లోకమంతట వినబడినది. దానిని గూర్చి ఇచ్చట విస్తరింపనక్కరలేదు.

1938లో కవి మారియు ది అంద్రాది సావు పావులు నగరమునుండి నలుగురిని రికార్డింగు యంత్రముతో ఉత్తర, ఈశాన్య సీమలకు పంపెను. రెసీఫె నగరమున ఆఫ్రికా సంప్రదాయపు ఆరాధనలను అప్పుడు అణచివేయుచుండిరి. పోలీసులు జప్తు చేసిన పూజావస్తువులు కొన్ని ఆ బృందమునకు లభించెను. నలుగురును నింపి తెచ్చిన ధ్వనిఫలకములతో పాటు అవియు నేడు సావు పావులు సాంస్కృతిక కేంద్రమున భద్రముగా నున్నవి.