నాటకం కవచాలకు అంటిన టేపు బంకను పోగొట్టేదెట్లా?

మన బాగలూరు, హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందర భారతం ఆడినా, బడిలో పిల్లలు కర్ణుడి కథ కట్టినా కిరీటం, భుజకీర్తులు, రొమ్ము కవచం ఉండాల్సిందే. ఒకప్పుడు వీటిని తేలిక కొయ్యతో చెక్కి, అద్దం ముక్కలు, తళుకు కాగితాలు అతికించేవారు. ఇప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్‌వి వచ్చినాయి. తేలిక, చౌక. అయితే పట్టీ ఊడినా, అంచు చిట్లినా అప్పటికప్పుడు టేపు చుట్టేస్తాం. పండగ అయినాక టేపు పీకితే బంక మిగిలిపోతుంది. దానికి దుమ్ము పట్టి నల్లబడుతుంది, పక్కనున్న పట్టుబట్టలకూ అంటుకుంటుంది.

ఇట్లా పాడైందని మూల పడేసేవాటిలో చాలావరకు బాగుచేయదగినవే. తొందరపడి థిన్నర్‌తో తుడిచినప్పుడే అసలు నష్టం. అప్పుడు బంకతో పాటు కవచమూ కరుగుతుంది. ఒక్క కవచాల జతతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే బృందాలకు అది చిన్న దెబ్బ కాదు. అందుకని ఏ ప్లాస్టిక్కో ముందు చూసుకుని, మెత్తని పద్ధతి నుండి మొదలుపెట్టాలి.

బంక ఎందుకు మిగులుతుంది?

అమెరికాలోని త్రీఎం సంస్థలో రిచర్డ్ డ్రూ 1925లో రంగులవాళ్ల కోసం మాస్కింగ్ టేపును, 1930లో పారదర్శకమైన టేపును తయారు చేశాడు. అప్పటి నుండి టేపు తీరు ఒక్కటే: పైన ఒక పట్టీ, కింద వేలితో అదిమితే పట్టుకునే బంక. ఎండ, చెమట, కాలం తగిలేకొద్దీ బంక పట్టీని వదిలి ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకుంటుంది. రబ్బరు రకం బంక పచ్చబడి జావలా సాగుతుంది, ఇంకా పాతబడితే ఎండి పెళుసవుతుంది. అక్రిలిక్ రకం తెల్లగానే ఉండి జిగట పోకుండా నిలుస్తుంది. మొదటిదానికి నూనె బాగా పనిచేస్తుంది, రెండోదానికి స్పిరిట్.

ప్లాస్టిక్ ఏదో చూసుకోండి

కవచం లోపలి వైపు ముక్కోణంలో అంకె ఉందేమో వెతకండి. 5 ఉంటే పాలీప్రొపిలీన్, గట్టి రకం. 3 పీవీసీ, 6 పాలీస్టైరీన్. 7 అంటే ఇతర రకాలు, ఏబీఎస్ వంటివి అందులోకే వస్తాయి. అంకె లేకపోతే లోపలి అంచు నుండి చిన్న పెచ్చు కోసి సబ్బునీళ్లలో ముంచి వదలండి. తేలితే చాలావరకు పాలీప్రొపిలీన్ గానీ పాలిథీన్ గానీ అయివుంటుంది. మునిగితే ఏబీఎస్, పాలీస్టైరీన్, పీవీసీలలో ఒకటి కావచ్చు, జాగ్రత్త ఎక్కువ కావాలి. ఏది వాడినా ముందు లోపలి వైపు ఒక చుక్క వేసి పది నిమిషాలు చూడండి. తెల్లబడినా, మెత్తబడినా, రంగు గుడ్డకు వచ్చినా ఆపేయండి.

వరుసగా చేయాల్సింది

1. గోరువెచ్చని సబ్బునీళ్లలో తడిపిన గుడ్డను బంక మీద పావుగంట ఉంచండి. తర్వాత బొటనవేలితో ఒకే వైపు రుద్దితే బంక ఉండలు కట్టి వస్తుంది. మరిగే నీళ్లు వద్దు, పలుచని ప్లాస్టిక్ వంకర పోతుంది.

2. మిగిలినదాని మీద కొత్త టేపు ముక్కను అదిమి చటుక్కున లాగండి. బంకను బంకే పట్టుకుంటుంది.

3. ఇంకా పోకపోతే టెంకాయ నూనె గానీ చెనిక్కాయ నూనె గానీ రాయండి. ఆట ముగిసినాక ముఖం రంగును టెంకాయ నూనెతో తుడుచుకునేదీ ఇందుకే, జిడ్డును జిడ్డే కరిగిస్తుంది. పది నిమిషాలాగి పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా తోయండి. కత్తి, బ్లేడు, ఇనుప పీచు ముట్టించవద్దు. నూనెను రాత్రంతా ఉంచవద్దు. ఏబీఎస్, పాలీస్టైరీన్‌లకు నూనె చాలాసేపు తగిలితే వంగినచోట బీటలు రావచ్చు.

4. అప్పటికీ జిగట ఉంటే మందుల అంగడిలో దొరికే స్పిరిట్‌ను దూదికి తడిపి తుడవండి. గన్‌తో వేసిన బంకైతే దాని అంచున రెండు చుక్కలు వేస్తే పట్టు వదులుతుంది. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, దీపం, బీడీ దగ్గర వద్దు.

5. చివరికి అంట్లు తోమే సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. నూనె జిడ్డు మిగిలితే తర్వాత వేసే రంగు నిలవదు.

వీటి జోలికి పోవద్దు

గోళ్ల రంగు తుడిచే ద్రవంలో అసిటోన్ ఉంటుంది. అదీ, థిన్నరూ ఏబీఎస్‌ను, పాలీస్టైరీన్‌ను కరిగిస్తాయి. పెట్రోలు మంటకూ ఊపిరికీ కూడా ముప్పే. నీలగిరి తైలం, నారింజ తొక్క నూనె బంకను బాగానే కరిగిస్తాయి గానీ పాలీస్టైరీన్‌నూ పాడుచేస్తాయి. ఫెవిక్విక్ వంటిది గట్టిపడితే ఈ పద్ధతులకు రాదు. సన్నని ఉప్పుకాగితంతో నున్నగా చేసి రంగు వేసుకోవడమే మేలు.

బంగారు పూత ఉన్న కిరీటాలతో మరింత పదిలం. చాలావాటిలో ఆ మెరుపు పలుచని అల్యూమినియం పొర మీద వేసిన పచ్చని వార్నీషుదే. స్పిరిట్ తగిలితే బంగారం వెండి అవుతుంది. అక్కడ సబ్బునీళ్లు, నూనె వరకే ఆగండి.

మళ్లీ అంటకుండా

టేపు తప్పదనుకుంటే ఆట ముగిసిన రాత్రే తీసేయండి. నిలువుగా పీకకుండా, పట్టీని వెనక్కి మడిచి ప్లాస్టిక్‌కు ఆనించినట్టుగా మెల్లగా లాగితే బంక తక్కువ మిగులుతుంది. అంతకన్నా మేలు, అంచులో రంధ్రాలు చేసి గుడ్డనాడాలు కట్టుకోవడం. ఒక్కో కవచాన్ని వేరుగా పాత నూలుగుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట పెట్టండి.

మీ ఊరి బృందం పెట్టెలో ఇట్లాంటివి పడి ఉంటే వచ్చే పండగ దాకా ఆగకుండా ఒక ఆదివారం బయటికి తీయండి. పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకోండి. చేతులు పనిలో ఉండగా ఇది భీముడిది, ఇది కర్ణుడిది అని పెద్దలు చెబుతుంటే కథతో పాటు మన మాటలూ వాళ్లకు వంటబడతాయి.