పీసీకి రాని ఆటలు

ఐసెలిన్ లో నలుగురు తెలుగు వాళ్ళు చేరితే మాటలు వీసాలతో మొదలై, ఇళ్ళ ధరల మీదుగా వెళ్ళి, ఓక్ ట్రీ రోడ్డు మీద ఏ హోటల్లో బిర్యానీ మునుపటిలా లేదో తేల్చడంతో ముగుస్తాయి. మా గుంపులో మాత్రం ఇంకో అంశం కూడా ఉంటుంది. "ఫలానా ఆట పీసీ మీదకి ఎప్పుడొస్తుంది?" గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానికే వెయ్యి డాలర్లు పోసిన వాడు, అందులో సగం ఖరీదుకి కన్సోల్ కొనుక్కున్న పక్కింటి కుర్రాడి దగ్గరకి వెళ్ళి ఆట చూసి రావలసి వస్తే కాస్త అవమానంగానే ఉంటుంది మరి. "అంత పెట్టి కొన్నారు కదా, అందులో ఎందుకు రాదు?" అని ఇంట్లో అడిగితే, చాలా మంది "దాని హార్డ్‌వేర్ వేరు" అని తప్పించుకుంటారు. ఆ జవాబులో నిజం ఎంత?

అసలు మనలో ఇంత మంది పీసీ వాళ్ళు ఎందుకయ్యారో ఒక్క మాట. మన ఇళ్ళకి కంప్యూటర్ "చదువు కోసం" వచ్చింది. ఇంజినీరింగ్ లో సీటు రాగానే నాన్నగారు అప్పో సప్పో చేసి కొన్న అసెంబుల్డ్ డబ్బా అది. సీ ప్రోగ్రాములూ అందులోనే, వైస్ సిటీ కూడా అందులోనే. ఆటలకి తప్ప ఇంకెందుకూ పనికిరాని యంత్రం కొనిపెట్టమని అడిగే ధైర్యం ఎంత మందికి ఉంటుంది? ఇంట్లో కంప్యూటర్ లేని వాళ్ళు నెట్ సెంటర్ లో గంట లెక్కన డబ్బులు కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడుకున్నారు. ఇక్కడికి వచ్చాక కన్సల్టెంట్ బతుకు. ఆరు నెలలు ఒక ఊరు, ఏడాది ఇంకో ఊరు. బ్యాగులో పట్టేది లాప్‌టాప్ ఒక్కటే. కాబట్టి పీసీ అభిమానం మనకి సిద్ధాంతం కాదు, అలవాటూ అవసరమూను.

ఇక హార్డ్‌వేర్ సంగతి. ఒక కాలంలో ఆ జవాబు నూటికి నూరు పాళ్ళూ నిజమే. 2006 లో వచ్చిన ప్లేస్టేషన్ 3 నే తీసుకోండి. అందులోని సెల్ ప్రాసెసర్ ని పెళ్ళి వంటశాల అనుకోవచ్చు. పెద్ద వంటవాడు ఒకడు, వాడి కింద సహాయకులు. చిప్ మీద సహాయకులు ఎనిమిది మంది ఉంటారు గానీ, తయారీలో ఒకటి పాడైనా చిప్ పారెయ్యక్కర్లేకుండా ఒకడిని ముందే పక్కన పెట్టేశారు. ఇంకొకడిని ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకుంది. ఆట రాసే వాళ్ళకి మిగిలింది ఆరుగురు. వీళ్ళు చెయ్యి తిరిగిన వాళ్ళే, కానీ స్టోర్ రూములోకి వెళ్ళి కూరగాయలు తెచ్చుకోలేరు. ఒక్కొక్కడి ముందు 256 కిలోబైట్ల పీట ఒకటి ఉంటుంది. ఎవరో తెచ్చి ఆ పీట మీద పెట్టిందే తరగాలి, తరిగింది మళ్ళీ పంపించెయ్యాలి. ఎప్పుడు ఏది ఎవరి పీట మీదకి చేరాలో ప్రోగ్రామరే లెక్క కట్టి రాసుకోవాలి. అలా రాసిన ఆటని పీసీకి తేవడమంటే మళ్ళీ కంపైల్ చెయ్యడం కాదు, వంట మొదటి నుంచీ చెయ్యడం.

కానీ 2013 లో వచ్చిన ప్లేస్టేషన్ 4 లోనూ, ఎక్స్‌బాక్స్ వన్ లోనూ ఉన్నది ఏఎండీ వాళ్ళ ఎనిమిది కోర్ల ఎక్స్86 ప్రాసెసర్. అంటే మన పీసీల వంశమే. అప్పటి నుంచీ "హార్డ్‌వేర్ వేరు" అన్న మాట బాగా పలచబడిపోయింది. 2021 లో ప్లేస్టేషన్ 5 మీద రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్ వచ్చినప్పుడు, అందులోని అతి వేగమైన ఎస్ఎస్‌డీ లేకపోతే ఇలాంటి ఆట సాధ్యమే కాదన్నట్టు ప్రచారం చేశారు. 2023 జులైలో అదే ఆట పీసీకి వచ్చింది. కనీస అవసరాల పట్టికలో మామూలు హార్డ్ డిస్క్ ఉన్నా చాలని రాసి ఉంది!

అలాగని పోర్టింగ్ సుళువు అనుకోకండి. కన్సోల్ లో గ్రాఫిక్స్ చిప్ ఏదో ముందే తెలుసు కాబట్టి షేడర్లని స్టూడియోలోనే కంపైల్ చేసి డిస్క్ మీద పెట్టేస్తారు. పీసీలో ఎవరింట్లో ఏ కార్డు, ఏ డ్రైవర్ ఉందో తెలియదు. అందుకని మన మెషీన్ మీదే కంపైల్ చెయ్యాలి. పైగా కన్సోల్ లో ప్రాసెసర్ కీ, గ్రాఫిక్స్ కీ మెమరీ ఉమ్మడి ఆస్తి. పీసీలో అన్నదమ్ములు వేరుపడ్డారు, ఏం కావాలన్నా గోడ అవతలికి కాపీ చేసి ఇవ్వాలి. 2023 మార్చిలో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు, మొదటిసారి తెరవగానే షేడర్లు కంపైల్ అవుతుంటే జనం భోజనాలు చేసొచ్చారు. తర్వాత కూడా చాలా మందికి క్రాష్ లే. ప్యాచ్ మీద ప్యాచ్ వేస్తే గానీ దారిలో పడలేదు. ఈ కష్టం నిజమైనదే. అయితే దీని వల్ల ఆట కొన్ని నెలలు ఆలస్యం అవచ్చు గానీ, ఏళ్ళు పట్టదు.

ఏళ్ళు ఎందుకు పడతాయో హేలో కథ చెప్పినట్టు ఇంకేదీ చెప్పదు. 1999 జులైలో న్యూయార్క్ మాక్‌వరల్డ్ సభలో హేలోని ప్రపంచానికి చూపించింది స్టీవ్ జాబ్స్. మాక్ కీ, పీసీ కీ వస్తుందనుకున్న ఆట అది. 2000 లో మైక్రోసాఫ్ట్ ఆ ఆట తయారు చేస్తున్న బంగీ సంస్థని కొనేసింది. 2001 నవంబర్ లో హేలో ఎక్స్‌బాక్స్ తో పాటు, ఎక్స్‌బాక్స్ కోసం మాత్రమే వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ ఎక్స్‌బాక్స్ లో ఉన్నది 733 మెగాహెర్ట్జ్ పెంటియమ్ 3 జాతి ప్రాసెసర్, ఎన్‌విడియా గ్రాఫిక్స్, 64 మెగాబైట్ల మెమరీ. నల్ల డబ్బాలో పెట్టిన పీసీ అన్నమాట! అయినా పీసీకి రావడానికి 2003 సెప్టెంబర్ దాకా పట్టింది. హేలో 2 ఎక్స్‌బాక్స్ మీద 2004 లో వచ్చింది. పీసీకి 2007 లో ఇచ్చారు, అదీ విస్టా ఉన్న వాళ్ళకి మాత్రమే. హేలో 3 అయితే 2007 లో ఎక్స్‌బాక్స్ 360 కి, 2020 జులైలో పీసీకి. పదమూడేళ్ళు! విండోస్ వాళ్ళదే, ఆట వాళ్ళదే, ఆడే వాళ్ళంతా వాళ్ళ ఖాతాదారులే. అడ్డం ఎవరు? వాళ్ళ ఇంకో డబ్బా.

ఇందులో డబ్బు లెక్క చూడండి. కన్సోల్ ని దాదాపు ఖరీదుకో, నష్టానికో అమ్ముతారు. ఎక్స్‌బాక్స్ హార్డ్‌వేర్ మీద ఎప్పుడూ లాభం రాలేదని 2021 లో ఎపిక్, ఆపిల్ కేసులో మైక్రోసాఫ్ట్ తరఫు సాక్షి కోర్టులోనే చెప్పారు. రాబడి ఉన్నది అమ్ముడైన ప్రతి ఆట మీదా వచ్చే ముప్ఫై శాతం వాటాలో. మీరు గాడ్ ఆఫ్ వార్ కోసం ప్లేస్టేషన్ కొన్నారనుకోండి. ఆ ఒక్క ఆట మీద వచ్చేది చిల్లర. తర్వాత ఏడేళ్ళ పాటు మీరు అక్కడ కొనే ఫుట్‌బాల్ ఆటలూ, కార్ల ఆటలూ, అన్నింటిలోనూ సోనీకి వాటా ఉంటుంది. అదే గాడ్ ఆఫ్ వార్ ని మీరు స్టీమ్ లో కొంటే ఆ వాటా తీసుకునేది స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థ. సినిమాని ముందు థియేటర్ లో వేసి తర్వాత ఓటీటీకి ఇచ్చినట్టే ఇదీ అంటారు కొందరు. నాకు ఆ పోలిక నచ్చదు. సినిమా వాళ్ళు టికెట్ కొనుక్కోమంటారు గానీ, థియేటర్ కొనుక్కోమనరు.

మన హైదరాబాదు సత్య నాదెళ్ళ గారు ఈ విషయం మీద ప్రమాణం చేసి మాట్లాడారని మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. యాక్టివిజన్ ని మైక్రోసాఫ్ట్ కొనకుండా ఆపాలని ఎఫ్‌టీసీ వేసిన కేసులో 2023 జూన్ లో శాన్ ఫ్రాన్సిస్కో కోర్టుకి వచ్చి, తన చేతిలో ఉంటే కన్సోల్ ఎక్స్‌క్లూజివ్ లని తీసేసే వాడినే అన్నారు. మార్కెట్ లో ముందున్న సోనీయే పోటీని ఆ పద్ధతికి మళ్ళించిందని ఆయన వాదన. వెనకబడిన వాడికి గోడలంటే ఇష్టం ఉండదు, అది సహజమే. గెలుస్తూ ఉంటే అదే మాట చెప్పేవారా అని మా గుంపులో ఒక సాయంత్రమంతా వాదన నడిచింది. ఏమైనా 2024 నుంచి మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌క్లూజివ్ ఆటల్లో కొన్నిటిని ప్లేస్టేషన్ మీద కూడా అమ్మడం మొదలెట్టింది. మొదటి హేలోని కొత్తగా తయారు చేసి ప్లేస్టేషన్ 5 కి కూడా ఇస్తామని 2025 అక్టోబర్ లో ప్రకటించింది కూడా.

సోనీ గోడకి తలుపు పెట్టింది 2020 లో, హొరైజన్ జీరో డాన్ ని పీసీకి ఇచ్చి. 2018 ఏప్రిల్ నాటి గాడ్ ఆఫ్ వార్ 2022 జనవరిలో వచ్చింది. హెల్‌డైవర్స్ 2 అయితే 2024 ఫిబ్రవరిలో రెంటి మీదా ఒకే రోజు విడుదలైంది. కానీ తలుపు దగ్గర కాపలా వాడు కూడా ఉన్నాడు. ఆ మే నెలలో, పీసీ వాళ్ళు కూడా ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా కలపాల్సిందే అన్నారు. ఆ సేవ లేని దేశాలు వందకి పైనే. డబ్బిచ్చి ఆట కొనుక్కున్న వాళ్ళు ఇక ఆడలేరన్నమాట. స్టీమ్ లో తిట్ల వర్షం కురిసింది. కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది.

రాక్‌స్టార్ వాళ్ళ తీరు వేరు. వాళ్ళకి సొంత కన్సోల్ లేదు, అయినా పీసీకి ఆలస్యమే. జీటీఏ 5 కన్సోళ్ళకి 2013 సెప్టెంబర్ లో వచ్చింది. అప్పట్లో ఇక్కడి గెస్ట్ హౌస్ లో ఆరుగురం ఉండేవాళ్ళం, ఒక్కడి దగ్గరే ఎక్స్‌బాక్స్ 360. అతనికి టీ పెట్టడానికి మా మధ్య పోటీ. పీసీ వెర్షన్ వచ్చింది 2015 ఏప్రిల్ లో. అప్పటికి ఆ ఆరుగురం ఆరు రాష్ట్రాల్లో ఉన్నాం. కన్సోల్ మీద ఆడిన వాళ్ళే పీసీ మీద రెండోసారి కొన్నారు, బహుశా రాక్‌స్టార్ లెక్క కూడా అదే. రెడ్ డెడ్ రిడెంప్షన్ మొదటి భాగానికైతే, 2010 నుంచి 2024 అక్టోబర్ దాకా, పద్నాలుగేళ్ళు.

నా మటుకు నేను పాటించే పద్ధతి ఇది. రాక్‌స్టార్ ఆటకి ఏడాదీ రెండేళ్ళూ ఆగుతాను. సోనీ ఆట వస్తే, వచ్చిన రోజున కొనను. రెండు మూడు ప్యాచ్ లు పడ్డాక, ధర తగ్గాక కొంటాను. నింటెండో ఆటల కోసం మాత్రం ఎదురు చూడటం దండగ. వాళ్ళ ఆటల్ని పీసీలో నడిపించే యుజు ఎమ్యులేటర్ మీద 2024 ఫిబ్రవరిలో దావా వేస్తే, వారం తిరక్కుండా 24 లక్షల డాలర్లకి రాజీ అయి, అది మూతపడింది. జెల్డా ఆడాలని మా పిల్ల గొడవ చేస్తే స్విచ్ కొని ఇచ్చాను.

ఇక 2015 నాటి బ్లడ్‌బోర్న్ ఉంది. పీసీ వెర్షన్ గురించి సోనీ ఎన్నడూ నోరు విప్పలేదు. షాడ్‌పీఎస్4 అనే ఎమ్యులేటర్ రాస్తున్న వాళ్ళు జీతం భత్యం లేకుండా దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆడగలిగే స్థితికి తెచ్చేశారు.