నది ఇచ్చిన నేల

నది ఒడ్డున ఇల్లెందుకు కట్టుకోవాలి? వరద వార్త విన్నప్పుడల్లా మనలో చాలామంది అనే మొదటి మాట ఇదే. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, అప్పలేచియన్ పర్వతాల మధ్యనున్న మార్షల్ పట్టణాన్ని ఎరిగినవాళ్లు మాత్రం అంత తేలిగ్గా ఆ మాట అనలేరు.

వెయ్యిమంది జనాభా కూడా లేని ఊరది. ఒకవైపు నిటారుగా లేచిన కొండ, మరోవైపు ఫ్రెంచ్ బ్రాడ్ నది. ఆ రెండింటి మధ్య మిగిలిన ఇరుకు నేలలోనే ఒక పెద్దవీధి, రైలుపట్టాలు, 1907లో కట్టిన కోర్టు భవనం. పాత హైస్కూలు భవనమైతే ఏకంగా నది మధ్య లంకలోనే ఉంది! ఆ ఇరుకు దారే ఊరికి అన్నం పెట్టింది. 1828లో పూర్తయిన బంకోంబ్ టర్న్‌పైక్ అనే బాట నది వెంబడే సాగేది. టెన్నెసీ రైతులు పందుల మందలను, టర్కీ కోళ్లను ఆ బాటనే దక్షిణ కరోలినా సంతలకు తోలుకెళ్లేవారు. తర్వాత రైలూ అదే దారి పట్టింది. కొండల్లో నది తొలిచిన దారికన్నా సులువైన దారి వాళ్లకెక్కడుంది?

1916 జూలైలో కొద్దిరోజుల తేడాతో రెండు తుఫానులొచ్చాయి. మొదటిదానికే నేల నానిపోయింది. రెండోదానికి ఆ పర్వతాల్లోని ఆల్టపాస్‌లో ఒక్కరోజులోనే 22 అంగుళాల వాన కురిసింది. దాదాపు 80 మంది చనిపోయారు. 108 ఏళ్ల తర్వాత, 2024 సెప్టెంబరు 27న, హెలీన్ తుఫానూ అలాగే వచ్చింది. ముందు వాన నేలను నానబెట్టింది, ఆ వెనకే తుఫాను. ఎగువన ఆష్‌విల్ వద్ద నది 1916 నాటి రికార్డును దాటి 24 అడుగులపైకి లేచింది. మార్షల్ పెద్దవీధిలోని దుకాణాలు, శుక్రవారం రాత్రుళ్లు జనం చేరి పాటలు పాడుకునే పాత రైలు డిపో అన్నీ మునిగాయి. నీరు తీశాక ఎక్కడ చూసినా బురదే.

ఇసుక మీద ఇల్లు, బండ మీద ఇల్లు ఉపమానాన్ని నేనూ ఎన్నోసార్లు ప్రసంగించాను. లూకా సువార్తలోనైతే నదీప్రవాహమే వచ్చి ఆ ఇంటిని కొడుతుంది. మునిగినవాళ్లను బుద్ధిహీనులనడానికి దాన్ని వాడుకోవడం మా ప్రసంగీకులకు మహా సులువు. కాని ప్రభువు అక్కడ మాట్లాడింది తన మాటలు విని వాటి ప్రకారం చేయడం గురించి, ఇళ్ల స్థలాల గురించి కాదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికన్నా పాపులేమీ కారని తేల్చి చెప్పిందీ ఆయనే.

ఆ కొండల్లోని బాప్టిస్టు సంఘాలు తరతరాలుగా వాగుల్లో, నదుల్లో బాప్తిస్మాలిచ్చాయి. హెలీన్ తర్వాత ఆ సంఘాలవాళ్లే పశ్చిమ నార్త్ కరోలినా ఊళ్లకు వంటపాత్రలతో, పారలతో వచ్చారు. వేలమందికి వండిపెట్టారు, ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇళ్లలో బురద ఎత్తిపోశారు.

మార్షల్‌కు ఎగువన, బైపాస్ రోడ్డు పక్కన మెరక చోటు లేకపోలేదు. అక్కడికి పోవడమే తెలివైన పనేమో, నేను కాదనను. అయినా 2025లో పెద్దవీధిలో కొన్ని దుకాణాలు పాతచోటే మళ్లీ తలుపులు తెరిచాయి. వాటి వెనకే నది పారుతోంది.