బ్యాటునకును బంతికిని గల తూకము

క్రికెట్టునందు బ్యాటు, బంతి యను రెండింటి తూకమును చాలవఱకు నిర్ణయించునది పిచ్. మన ప్రాంతపు రేగడినేల తడిసి యెండినపుడు నెఱ్ఱెలు వాఱుట విద్యార్థు లెఱిగినదే. బంకమన్నుగల పిచ్ కూడ నట్లే యెండి పొడిబాఱినచో, బంతికి పట్టు దొరకి ప్రక్కకు తిరుగును. తగిన తేమతో రోలరు త్రిప్పి గట్టిపఱచినచో బంతి తిన్నగా బ్యాటుపైకి వచ్చును, కొట్టుట సులభము.

హైదరాబాదు ఉప్పల్ మైదానమున ఈ రెండు విధములును కనబడినవి. 2024 జనవరి టెస్టులో భారతజట్టు మొదటి ఇన్నింగ్సున 190 పరుగుల ఆధిక్యము పొందియు, 28 పరుగుల తేడాతో ఇంగ్లండుచేత నోడెను. ఓలీ పోప్ 196 పరుగులు చేసెను. టామ్ హార్ట్‌లీ తుది ఇన్నింగ్సున 7 వికెట్లు తీసెను. బ్యాటును మెఱసెను, బంతియు మెఱసెను.

అక్కడనే మార్చి 27న సన్‌రైజర్స్ జట్టు 277, ముంబయి జట్టు 246 పరుగులు చేసెను. నలుబది ఓవర్లలో 38 సిక్సర్లు! ఇరువది ఓవర్ల ఆటలో సాహస మెక్కువ. నేర మంతయు పిచ్‌దే యనము. కాని బౌలరు శ్రమకు ఫలము లేనిచోట బ్యాటు గొప్ప యెట్లు తెలియును?

మన మైదానమున రోలరు లాగు బాలురకు మే మొక్కటి చెప్పుదుము: బంతికిని కొంత పాలు విడువుడు. తప్పుడు త్రాసున తూగిన గెలుపు గెలుపు కాదు.