నూనె పాకెట్టులో సుంకం లెక్క

బూరెలు వేయించే పామాయిల్ ధర బూర్గంపాడు కొట్లో ఎందుకు మారుతుందో తెలుసా? ఆ నూనెలో చాలా భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్‌పై దిగుమతి సుంకాన్ని, సెస్సులు కాక, సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. మన వంటింటి ఖర్చు పెరిగింది. కానీ పైనూనె ఖరీదైతే మన జిల్లాలోనే అశ్వారావుపేట, దమ్మపేట రైతుల గెలలకు మంచి రేటు వస్తుంది. 2025 మేలో సుంకం 10 శాతానికి తగ్గింది. మనకు ఊరట, రైతుకు దిగులు!

ఇక కోటా అంటే పరిమితి. 2022లో సోయా, పొద్దుతిరుగుడు ముడి నూనెలను ఏడాదికి 20 లక్షల టన్నుల చొప్పున సుంకం లేకుండా రానిచ్చారు. అది దాటితే సుంకం కట్టాల్సిందే.

ఈసారి ధర మారితే కొట్టతనితో పేచీకి దిగేముందు, సుంకం మారిందేమో పేపర్లో చూడండి.